మందు పేరు విజయ, నేరము పేరు గంజాయి

పల్నాటిలో గంజాయి యన్నమాట నేడు పోలీసు ఠాణా దగ్గర వినబడునే గాని వైద్యశాల దగ్గర వినబడదు. పట్టుబడిన మూటలు, న్యాయస్థానపు వాయిదాలు, చెడుత్రోవ పట్టిన పిల్లలను గూర్చి తల్లిదండ్రులు పడు దుఃఖము, ఇవియే యా మాటతో మనకు స్ఫురించుచున్నవి. ఆ దుఃఖము నిజమైనది. దానిని తక్కువచేసి మాటాడుట మా యుద్దేశము కాదు. విశాఖ మన్యమున 2021లో ‘పరివర్తన’ యను పేరుతో పోలీసులు వేలకొలది యెకరముల గంజాయితోటలను నరికించిరి. 2024లో రాష్ట్రప్రభుత్వము మాదకద్రవ్యముల నరికట్టుటకు ‘ఈగల్’ అను ప్రత్యేకదళమునే యేర్పరచినది. ఇంతవరకు బాగుగనే యున్నది. అయితే అదే మొక్క యాకు ‘విజయ’ యను పేరుతో ఆయుర్వేదగ్రంథములలో నున్నదనియు, నేటికిని లైసెన్సు పొందిన మందుగా తయారగుచున్నదనియు, వైద్యుని చీటిపై దానిని పుచ్చుకొనువాడు నేరస్థుడు కాడనియు నెరిగినవారు మన నడుమ కొలదిమందియే. అట్టి మందును పుచ్చుకొనువాడు స్వయముగా వైద్యసేవకుడైనచో నేమగును? నర్సు, కాంపౌండరు, ప్రయోగశాల పనివాడు, వైద్యుడు, వీరిలో నెవరికైనను ఈ చిక్కు రావచ్చును. వచ్చినపుడు వారికి దారిచూపు నియమ మొక్కటియు మన వైద్యశాలల గోడలపై కానరాదు.

ఈ వ్యాసము ఏ యాసుపత్రి సిబ్బందినిగాని నిందింపవచ్చినది కాదని ముందే మనవిచేయుచున్నాము. శుశ్రూష చేయువారి దేహమును గూర్చి యోచించు నలవాటు మనకు లేదు. మాచర్లకు చేరువనున్న నాగార్జునకొండలో మూడవ శతాబ్దమునాటి శాసనమొకటి జ్వరపీడితులు కోలుకొనుటకైన శాలను పేర్కొనుచున్నది. శాసనములు శాలను స్మరించును. అందు రాత్రులు మేల్కొన్నవారిని స్మరించుట యరుదు. నేటి స్థితియు నంతే. నరసరావుపేటలోనో గురజాలలోనో రాత్రి డ్యూటీ చేయు నర్సు బరువైన రోగిని మంచమునుండి స్ట్రెచరుపైకి, స్ట్రెచరునుండి బల్లపైకి ఎన్నిమారులు మార్చునో యెవరును లెక్కింపరు. నడుమునొప్పి యా వృత్తికి కూడబుట్టినది. పగలు నిద్రించి రాత్రి మేల్కొనువారికి కొంతకాలమునకు పగటినిద్రయు పట్టదు. తండాలవెంట నడచు ఆశా కార్యకర్త మోకాళ్ల సంగతి వేరుగ చెప్పనేల? ఇట్టివారు నొప్పికి సామాన్యముగా పుచ్చుకొను బిళ్లలు, దీర్ఘకాలము వాడినచో, కడుపున పుండ్లు పుట్టించుననియు మూత్రపిండములను చెరచుననియు వారికే యందరికన్న బాగుగ తెలియును. పైగా మందుల అలమార తాళపుచెవి వారి చేతిలోనే యుండును. అందుండి దొంగచాటుగా తీసికొన్న నొప్పిమందు పులిమీది స్వారి వంటిది. ట్రమడాల్ అను నొప్పిమందును 2018లో కేంద్రప్రభుత్వము మాదకద్రవ్యచట్టము క్రిందికి తెచ్చుటకు కారణము దాని దుర్వినియోగమే గదా.

చట్టమేమి చెప్పుచున్నదో చూతము. 1985 నాటి మాదకద్రవ్యచట్టము గంజాయి యనగా పూచిన లేక కాచిన కొనలని నిర్వచించినది. కొనలతో కలిసియుండని యాకును, గింజలను ఆ నిర్వచనమునుండి తప్పించినది. కావున ఒకే మొక్కయొక్క కొన ఈ చట్టము ప్రకారము నేరము; విడియాకు అట్లు కాదు, దాని సంగతి రాష్ట్రముల ఎక్సైజు శాసనములకు విడువబడినది. కొనలనుగూడ వైద్యార్థమును శాస్త్రపరిశోధనార్థమును, లైసెన్సులకు లోబడి, వాడవచ్చునని ఎనిమిదవ సెక్షను చెప్పుచున్నది. 1940 నాటి ఔషధచట్టము క్రింది నియమావళిలో ఆయుర్వేదపు విషద్రవ్యముల పట్టికయందు భంగు కలదు. అట్టి ద్రవ్యములు చేరిన మందును వైద్యుని పర్యవేక్షణలోనే వాడవలెనని సీసాపై హెచ్చరిక ముద్రింపవలెను. శార్ఙ్గధరసంహిత భంగును నల్లమందును ఒకే వర్గమున చేర్చి, జీర్ణము కాకమునుపే శరీరమంతటను వ్యాపించు ద్రవ్యములకు ఉదాహరణముగా చూపినది. అనగా దాని బలమును మన పూర్వులు తక్కువగా నెంచలేదు. ఆకును శుద్ధిచేయక మందున చేర్చరాదని విధించినవారును వారే. గ్రహణిరోగమునకు వాడు జాతీఫలాదిచూర్ణమున నేటికిని భంగు ముఖ్యద్రవ్యము. చీటి లేక, లైసెన్సు లేక గంజాయి పీల్చినవానికి ఇరువదియేడవ సెక్షను క్రింద ఆరునెలలవరకు కారాగారమో, పదివేల రూపాయలవరకు జరిమానాయో, రెండునో విధింపవచ్చును. ఇవన్నియు సామాన్య పౌరునికి సంబంధించినవి. రోగి ప్రాణము చేతబట్టుకొని నిలుచువాడు ఈ మందును పుచ్చుకొన్నపుడు ఏమి చేయవలెనన్న ప్రశ్నకు వీనిలో నెందును సమాధానము లేదు.

వైద్యవృత్తియందలివారు ఈ మందును తమ దేహములపై పరీక్షించుకొనుట క్రొత్త కాదు. కలకత్తా వైద్యకళాశాలలో ఆచార్యుడైన విలియం ఓషాఘ్నెసీ యను ఐరిష్ వైద్యుడు మన దేశీయవైద్యులవలన ఈ మొక్క గుణములను విని, మొదట జంతువులపై, పిదప రోగులపై పరీక్షించి, 1839లో నొక వ్యాసము ప్రకటించెను. వాతపునొప్పులకు, ధనుర్వాతమునకు, పసిబిడ్డల మూర్ఛకు అది ఉపశమనమిచ్చెనని యందు వ్రాసెను. ఐరోపావైద్యమునకు గంజాయి చేరిన త్రోవ ముఖ్యముగా నిదియే. ఆ వ్యాసములో నింకొక విశేషమున్నది. ఆయన శిష్యులు కొందరు, అనగా రేపటి వైద్యులు, తమకు తామే ఆ మందును స్వల్పమోతాదున పుచ్చుకొని నాడి పరీక్షించుకొనిరి. వారిలో అణకువ గలవాడును, మంచినడవడి గలవాడును అగు నొక విద్యార్థి కొలది బిందువులు సేవించిన యరగంటలోపలనే పకపక నవ్వి, తాను రాజునని తలచి, కొలువువారికి ఆజ్ఞలీయసాగెను! ఎదుటనున్న తోడివిద్యార్థులను గుర్తింపలేకపోయెను. గురువుగారు దీనిని వినోదముగానే వర్ణించిరి. మాకు మాత్రము నవ్వురాలేదు. ఆ బాలుడు ఆ గంటలో వార్డులో నుండియుండినచో, చేతిలో సూది యుండినచో, నేమగును? నొప్పి తగ్గించు గుణమును, మనుష్యుని గుర్తింపనీయని గుణమును ఒకే సీసాలో నున్నవని ఆనాడే తేలినది.

తరువాత ఏబదియేండ్లకు ఆంగ్లేయ ప్రభుత్వము గంజాయిపై విచారణకమిషను నియమించెను. 1893లో లండను పార్లమెంటున పుట్టిన ప్రశ్న దీనికి మూలము. మాక్‌వర్త్ యంగ్ అధ్యక్షుడుగా నేడుగురు సభ్యులు, అందు ముగ్గురు భారతీయులు, దేశమంతట తిరిగి 1,193 మంది సాక్షులను విచారించిరి. మన ప్రాంతమునకు అందులో సంబంధము లేకపోలేదు. అప్పటికి గుంటూరు జిల్లా వేరుపడలేదు, అది 1904 నాటి మాట. పల్నాడు, నరసరావుపేట తాలూకాలు కృష్ణాజిల్లాలోనివే. ఆ కృష్ణాజిల్లాయే మద్రాసురాజధానిలో గంజాయి పండించు ముఖ్యస్థలములలో నొకటి. బాపట్లవైపు పల్లెలలో సర్కారు కనిపెట్టుబడితో ఆ పంట పండుచుండెను. 1894లో కమిషను తన నివేదికలో మితముగా వాడుటవలన సామాన్యముగా హానిలేదనియు, అమితముగా వాడుట హానికరమనియు, పూర్తిగా నిషేధింపక పన్నువేసి అదుపున నుంచవలెననియు తేల్చెను. మన వైద్యులు, పశువైద్యులుగూడ, దీనిని విరివిగా వాడుచున్నారని యొప్పుకొనెను. కాని సర్కారునకు కావలసినది పన్ను, అది వచ్చుచుండినది. ఏ వైద్యుడు ఏ రోగికి ఏ మోతాదున నిచ్చెను, ఫలమేమి యను లెక్క యెవరికిని అక్కరలేకపోయెను. రాబడిపద్దు మిగిలినది, వైద్యపుపద్దు వ్రాయబడలేదు. స్వరాజ్యము వచ్చిన పిమ్మటనైన నా లోటు చిరకాలము తీరలేదు. 1961 నాటి అంతర్జాతీయ ఒడంబడిక గంజాయిని మిక్కిలి ప్రమాదకరములైన ద్రవ్యముల పట్టికలో చేర్చగా, శాస్త్రజ్ఞులకుగూడ దాని జోలికిపోవుట కష్టమైనది. ఆ కఠినమైన పట్టికనుండి దానిని తొలగింపవలెనన్న తీర్మానము 2020 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యసంఘమున 27 వోట్లకు 25 వోట్లతో నెగ్గినది. భారతదేశము తొలగింపుపక్షముననే వోటిచ్చినది.

శాస్త్రము నేడేమి చెప్పుచున్నదన్నచో, మత్తుగొలుపు ప్రధానసారమగు టీ.హెచ్.సీ.ని 1964లో ఇశ్రాయేలు శాస్త్రజ్ఞులు మెకోలం, గవోనీయను వారు వేరుచేసిరి. మత్తులేని సీ.బీ.డీ. యను సారముతో చేసిన మందును కొన్ని కఠినమైన బాల్యపు మూర్ఛలకు అమెరికా ప్రభుత్వము 2018లో అంగీకరించినది. ఇక దీర్ఘకాలపు నొప్పి విషయమున పండితులలో నేకాభిప్రాయము లేదు. అమెరికా జాతీయ విజ్ఞానపరిషత్తులు 2017లో గట్టి నిదర్శనము కలదనిరి. 2021లో అంతర్జాతీయ నొప్పిపరిశోధకుల సంఘము ఆమోదింపజాలమనెను. కనుక ఇది సర్వరోగనివారిణి యని బజారున చాటువారి మాటలు నమ్మదగినవి కావు. వైద్యసేవకులకు ముఖ్యముగా తెలియవలసిన దింకొకటి. టీ.హెచ్.సీ. క్రొవ్వున కరగి దేహమున నిలిచిపోవును. మత్తు కొన్నిగంటలలో దిగిపోయినను, దాని యానవాలు మూత్రమున దినములు, అలవాటుపడినవారికి వారములుగూడ, కనబడుచుండును. కావున మూత్రపరీక్ష మొన్నటి మందును చెప్పగలదు గాని యీ క్షణమున ఆ నర్సు చేయి స్థిరముగా నున్నదా లేదా యన్నది చెప్పజాలదు. శనివారము రాత్రి చీటిమందు పుచ్చుకొని సోమవారము పనికి వచ్చినదియు, వార్డులోనే పీల్చి వచ్చినవాడును ఆ పరీక్షకు ఒక్కటే.

ఈ చిక్కు న్యాయస్థానమున కెక్కిన దేశము అమెరికా. మన తెలుగువైద్యులు, నర్సులు వేలకొలదిగా పనిచేయు దేశమది. పల్నాటినుండి వెళ్లినవారును అందున్నారు. 1996లో కాలిఫోర్నియా మొదలిడగా పలు రాష్ట్రములు వైద్యార్థము గంజాయిని అనుమతించినవి. 1970 నాటి కేంద్రశాసనము మాత్రము దానిని వైద్యోపయోగము లేని ద్రవ్యముల జాబితాలో నుంచినది. నడుమ నలిగినవారు ఉద్యోగులు. కనెక్టికట్ రాష్ట్రమున నొక శుశ్రూషాలయము ఒక స్త్రీకి ఉద్యోగమిచ్చి, ఆమె మూత్రపరీక్షలో గంజాయిసారము కనబడగనే 2016లో దానిని వెనుకకు తీసికొనెను. కారుప్రమాదమువలన కలిగిన మనోవ్యాధికి ఆమె రాత్రి పండుకొనబోవునపుడు మాత్రమే వైద్యుడిచ్చిన గుళిక పుచ్చుకొనుచుండెను. 2018లో న్యాయస్థానము ఆమెపక్షమున తీర్పుచెప్పెను. పెన్సిల్వేనియాలో ఇట్లే యుద్యోగము పోగొట్టుకొన్న యొక వైద్యసహాయకురాలికి యజమానిపై దావాతెచ్చు హక్కు కలదని 2021లో పైకోర్టు నిర్ణయించినది. మత్తులోనుండి పనిచేయువానిని యజమాని సహింపనక్కరలేదని ఆ రాష్ట్రచట్టమే చెప్పుచున్నది. చీటి గలిగియుండుట వేరు, మత్తులో నుండుట వేరు. ఈ రెంటిని విడదీసి చూచుటకు ఆ దేశమునకు ఇరువది సంవత్సరములకు పైగా పట్టినది.

మనకు అంతకాలము పట్టనేల? ఆరోగ్యశాఖవారు ఒక పుట మించని నియమపత్రము వెలువరించిన చాలును. లైసెన్సు పొందిన విజయమందును రిజిస్టరైన ఆయుర్వేదవైద్యుని చీటిపై వాడు ఉద్యోగి ఆ సంగతిని వైద్యశాల యధికారికి రహస్యముగా తెలుపవలెను, తెలిపినందులకు శిక్షింపబడరాదు. మందు పుచ్చుకొన్న పిమ్మట ఎన్నిగంటలు డ్యూటీకి రాగూడదో వైద్యుడు చీటిపై వ్రాయవలెను. శస్త్రచికిత్సయందును, ప్రాణాపాయస్థితిలోనున్న రోగులవద్దను పనిచేయువారికి ఆ చికిత్సాకాలమున వేరుపని యొసగవలెను. మూత్రపరీక్ష యొక్కదానినే యాధారము చేసికొని యెవరిని తొలగింపరాదు. పనివేళ మత్తుచిహ్నములు కనబడినచో మాత్రము చీటి యున్నదన్న సాకు చెల్లరాదు.

మందు పేర వ్యసనమునకు తలుపు తెరచుచున్నారని కొందరాక్షేపింతురు. తలుపు తెరచియే యున్నది. చీటిలేని నొప్పిబిళ్ల, చీటిలేని నిద్రమాత్ర పల్నాటి యే వీధిలో దొరకవు? వ్యసనమున నిజముగా చిక్కినవారికి చట్టములోనే యొక దయగల యేర్పాటున్నది. అరువదినాలుగవ సెక్షను ‘ఏ’ భాగము ప్రకారము, స్వచ్ఛందముగా చికిత్సకు పూనుకొన్నవానిని కొలది పరిమాణమునకు సంబంధించిన నేరమునకు శిక్షింపరు. ఆ భాగమును గూర్చి రోగులకు చెప్పవలసిన వైద్యసేవకులే తమ విషయమున దానిని వాడుకొన వెరతురు. సంగతి బయటపడినచో రిజిస్ట్రేషను పోవునేమోనన్న భయము వారిది.

పల్నాడు జిల్లా 2022 ఏప్రిలు 4వ తేదీన వేరుపడినది. క్రొత్తజిల్లాకు క్రొత్తగా వైద్యశాలలు, కళాశాలలు కోరుచున్నాము, కోరవలసినదే. వానిలో పనిచేయబోవువారికై పై నియమపత్రమునుగూడ అడుగవలెను. అది వచ్చులోపల ఆయుర్వేదవైద్యులు చేయదగిన పని యొకటి కలదు. విజయమందు వ్రాయబోవునపుడు నాడి పట్టుటకుముందే, ‘అమ్మా, మీరే యుద్యోగము చేయుచున్నారు? ఈ రాత్రి డ్యూటీ యున్నదా?’ యని యడిగి, ఆ జవాబును చీటిపై వ్రాయవలెను.