తొలిసారి అతివేగ చలానా వచ్చినప్పుడు

వేలూరు నుండి పళ్ళికొండ మీదుగా గుడియాత్తం వెళ్లే దారిలో పోలీసులు వాహనాన్ని ఆపకపోయినా, కెమెరా నమోదు చేసిన వేగాన్ని బట్టి చలానా రావచ్చు. ఆ సమాచారం వాహన రిజిస్ట్రేషన్‌లో ఉన్న ఫోను నంబరుకు వస్తుంది. చిత్తూరు వైపు నుండి వచ్చి స్థిరపడినవారి రికార్డులో పాత నంబరే ఉంటే, చలానా సంగతి తెలియకుండానే వ్యవహారం కోర్టుకు చేరవచ్చు. కనుక ప్రస్తుత నంబరును నమోదు చేయించుకోవడం అవసరం.

చలానా వచ్చినవారు ముందుగా కేంద్ర ప్రభుత్వ ఈ-చలాన్ పరివాహన్ వెబ్‌సైటులో దానిని సరిచూసుకోవాలి. కెమెరా చలానాలో ఫోటో, నమోదైన వేగం, తేదీ, సమయం, స్థలం ఉండాలి. నంబరు ప్లేటు తమ వాహనానిదో కాదో గమనించాలి.

2019 సవరణ చట్టం ప్రకారం అతివేగానికి జరిమానా తేలికపాటి వాహనాలకు 1,000 నుండి 2,000 రూపాయలు. మధ్యతరహా, భారీ ప్రయాణికుల లేదా సరుకు వాహనాలకు 2,000 నుండి 4,000 రూపాయలు. తప్పు పునరావృతమైతే లైసెన్సును స్వాధీనం చేసుకోవచ్చు.

చలానా సరైనదైతే గడువులోగా చెల్లించి రసీదు భద్రపరచుకోవాలి. పొరపాటైతే ఆధారాలతో అభ్యంతరం తెలపవచ్చు. సందేశంలో వచ్చిన లింకును నొక్కి గాని, యాప్‌ను దించుకొని గాని డబ్బు కట్టరాదు. అసలైన ప్రభుత్వ చిరునామా ‘గవ్ డాట్ ఇన్’తో ముగుస్తుంది.