ఇంటిలో సొరచేప

కోకాపేట ఎత్తైన మేడలలో గాజుతొట్టెయందు సొరచేపను పెంచవలెనని ముచ్చటపడు గృహస్థులకు నాలుగు మాటలు మనవి చేయుచున్నాము. అంగళ్లలో షార్క్ అను పేర అమ్మెడి మంచినీటి చేపలు సొరలు కావు. అవి జెల్లకో, శీలావతికో చుట్టములు. నిజమైన సొరకు ఉప్పునీరు కావలెను.

ఇంట మనగలవి బాంబూ షార్కు వంటి చిన్న జాతులు. కొన్ని సొరలవలె ఇవి సదా ఈదుచుండ నక్కరలేదు. అడుగున పరుండియే మొప్పలకు నీరందించుకొనును. మన బంగాళాఖాతమునందలి బూడిదరంగు జాతి గ్రుడ్డునుండి వెలువడునపుడు జానెడైన ఉండదు. ఎదిగినచో రెండున్నర అడుగుల వరకు సాగును. తొట్టెను ఎన్నుకొనవలసినది ఈ ఎదిగిన చేపను తలచి.

2.5 మీటర్ల పొడవు, 1 మీటరు వెడల్పు గల తొట్టెలో 60 సెంటీమీటర్ల ఎత్తున నింపినచో నీరు 1,500 లీటర్లు. లీటరుకు 35 గ్రాముల వంతున సముద్రలవణ మిశ్రమము 50 కిలోలకు పైబడును. వంట ఉప్పు పనికిరాదు. బరువు ఒకటిన్నర టన్ను, అనగా చదరపు మీటరుకు 600 కిలోలు. నివాసగృహముల అంతస్తులకు లెక్కించు వాడుకభారము సాధారణముగా 200 కిలోలే. కావున మొదట ఇంజనీరు సలహా పొందవలెను.

పిమ్మట, చేప విసర్జించు అమ్మోనియాను హరించు సూక్ష్మజీవులు తొట్టెలో నెలకొనుటకు కొన్ని వారములు ఆగవలెను. రాగి కలసిన మందులు సొరకు విషము. ఇంతటి ఏర్పాటు చేయజాలనివారు సొరను ఇంటికి తేకుండుటయే దానికి చేయు మేలని మా మనవి.