బొమ్మలపై మోపిన భారము

బొమ్మ యనగా పిల్లల ఆటవస్తువని సామాన్యముగా తలంతుము. జపానుదేశమున నది మానవుని దోషములను మోయు సాధనముగా పుట్టి, ఆడుపిల్లలకు శుభచిహ్నమై, తుదకు రెండు రాజ్యముల వైరమునకు గుఱియైనది. ఈ చరిత్ర మన పాఠకులు తెలిసికొనదగినదని మా యభిప్రాయము.

ప్రతి సంవత్సరము మార్చి 3వ తేదీన ఆడుపిల్లలు గల జపాను గృహములలో 'హినమత్సురి' యను బొమ్మల పండుగ జరుగును. పూర్వము చాంద్రమానము ననుసరించి మూడవ మాసమున మూడవ దినమున, పీచ్ చెట్లు పూచు కాలమున జరుగుచుండుటచే దీనికి పీచ్ పూల పండుగ యనియు పేరు గలదు. సంపూర్ణమైన కొలువునకు ఎఱ్ఱని వస్త్రము పఱచిన ఏడు మెట్లును, పదునైదు బొమ్మలును కావలయును. పై మెట్టున బంగారు తెర ముందు చక్రవర్తియు చక్రవర్తినియు. వారి క్రింద ముగ్గురు పరిచారికలు, అయిదుగురు వాద్యకారులు, ఇద్దరు మంత్రులు, ముగ్గురు సేవకులు. ఈ సేవకులలో ఒకడు నవ్వుచు, ఒకడు ఏడ్చుచు, ఒకడు కోపించుచు నుండుట వింత. అడుగు మెట్లపై పెండ్లికూతురి సారెను బోలిన పెట్టెలు, పల్లకి, ఎద్దుబండి యుండును. పండుగ ముగిసిన పిమ్మట బొమ్మలను వెంటనే దాచనిచో పిల్లకు వివాహము ఆలస్యమగునని పెద్దలు చెప్పుదురు.

మన బొమ్మలకొలువు నెఱిగినవారికి ఈ యమరిక పరిచితమైనట్లే తోచును. కాని జపాను పండుగకు మూలము అలంకారము గాదు, శుద్ధి. వేయి సంవత్సరములకు పూర్వము అచ్చటివారు కాగితముతోనో గడ్డితోనో మనుష్యాకారమును చేసి, దానితో తమ శరీరమును తుడిచికొని, తమ మాలిన్యమును వ్యాధిని దానిపైకి దింపి, నీట విడిచెడివారు. పదునొకండవ శతాబ్దారంభమున మురసకి షికిబు రచించిన గెంజి కథలో, ప్రవాసియైన నాయకుడు సముద్రతీరమున శుద్ధి చేయించి బొమ్మను పడవపై పంపిన ఘట్టము గలదు. నేటికిని కొన్ని యూళ్లలో బొమ్మలను నీట విడుచు ఆచారము నిలిచియున్నది.

తొకుగవ వంశీయుల పాలనమున (1603–1868) నీటిపాలగు బొమ్మ స్థానమున ఇంట నిలుపుకొను బొమ్మ ప్రధానమయ్యెను. ధనికులు పోటీపడి నానాటికి పెద్ద బొమ్మలను చేయింపసాగిరి. 1721లో ప్రభుత్వము ఈ యాడంబరము నడ్డి, బొమ్మ యెత్తు ఎనిమిది సున్‌లకు, అనగా సుమారు తొమ్మిదిన్నర అంగుళములకు, మించరాదని శాసించెను.

1924లో అమెరికా జపానీయుల వలసను నిషేధించుచు చట్టము చేసెను. జపానులో చిరకాలము వసించిన సిడ్నీ గ్యులిక్ అను మతప్రచారకుడు ఈ యవమానమువలన కలిగిన వైమనస్యమును మాన్పనెంచి, అమెరికా పిల్లలచేత పండ్రెండువేలకు పైగా బొమ్మలను 1927లో జపాను పాఠశాలలకు పంపించెను. ప్రముఖ వర్తకుడు షిబుసవ ఐయిచి ముందుండి స్వాగతకార్యమును నడిపెను. ఆ సంవత్సరమే జపాను తనవంతుగా 58 బొమ్మలను అమెరికాకు పంపెను.

1941లో యుద్ధము వచ్చెను. నిన్నటి అతిథులు శత్రువులైరి. 1943 ప్రాంతమున ఆ నీలికన్నుల బొమ్మలను పలుచోట్ల దహించిరి. వెదురు బల్లెములతో పొడిచిరి. కొందఱు ఉపాధ్యాయులు మాత్రము రాజద్రోహులను నింద కలుగునేమో యను భీతి యున్నను వానిని మఱుగుపఱచిరి. అట్లు మిగిలినవి మూడువందలకు పైగా నేడు భద్రముగ నున్నవి.

ఇందు ఇరుపక్షములకును గుణపాఠము గలదు. శాసనముచే చేసిన అన్యాయము కానుకలతో తీఱదు. ఆ వలస నిషేధము 1952 వఱకు తొలగలేదు. బాలల స్నేహము నిష్కల్మషమే గాని, పెద్దల దోషమును దానిచే మోయింపజూచుట తగదు. యుద్ధకాలమున జపాను చేసినదియు ధర్మము గాదు. ప్రాచీనాచారమున మనుష్యుడు తన మాలిన్యమును బొమ్మపై నుంచి విడిచెను. యుద్ధోన్మాదమున పరుల మాలిన్యమును బొమ్మపై నారోపించి కాల్చెను. మొదటిదాన హృదయము తేలికపడును. రెండవదాన ద్వేషము వృద్ధియగును. బొమ్మను దాచిన ఆ యుపాధ్యాయులే తమ పండుగ యర్థమును గ్రహించిరని మేము తలంచుచున్నాము.