ఆటల కంప్యూటర్‌కు ఏ ఆపరేటింగ్ సిస్టమ్?

పొదుపు చేసిన సొమ్ముతో పిల్లలకు ఆటల కంప్యూటర్ కొనేటప్పుడు ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డులకే లెక్క వేస్తాం. ఆపరేటింగ్ సిస్టమ్‌ను మరచిపోతాం. మా ఇంట్లోనూ అదే జరిగింది. "విండోస్ ఉచితంగా వేసి ఇస్తాం" అన్నాడు దుకాణదారు. అది లైసెన్సు లేని నకలు. దాన్ని పనిచేయించే క్రాక్ సాధనాల్లో పాస్‌వర్డులు దొంగిలించే వైరస్‌లు పొంచి ఉండవచ్చు. ఆ కంప్యూటర్‌లోనే మనం బ్యాంకు లావాదేవీలూ జరుపుతాం. పైగా పరుల శ్రమఫలాన్ని వెల చెల్లించక వాడుకోవడం మనకు తగునా?

ధర్మసమ్మతమైన మార్గాలు రెండున్నాయి. మొదటిది లైసెన్సు కొనడం. విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో సాధారణ మద్దతు ముగిసింది కనుక విండోస్ 11నే ఎంచుకోవాలి. దానికి టీపీఎం 2.0 సదుపాయమున్న కంప్యూటర్ అవసరం. రెండవది ఉచితంగా లభించే లినక్స్. వాల్వ్ సంస్థ 2018లో తెచ్చిన ప్రోటాన్ వల్ల స్టీమ్‌లోని అనేక విండోస్ ఆటలు అందులోనూ నడుస్తాయి. వాలరెంట్, ఫోర్ట్‌నైట్ వంటివి మాత్రం నడవవు.

కనుక ముందుగా పిల్లలు ఆడే ఆటల పేర్లు రాయించండి. మా అబ్బాయి రాసిన జాబితాలో ఆ రెండూ లేవు; మేము లినక్స్ వేయించాం. మిగిలిన సొమ్ముతో ర్యామ్‌ను 8 నుంచి 16 జీబీకి పెంచాం.