నేలమీది దీవి

తైవాను తనదని చైనా వాదించుచున్నది. ఆ దీవి ప్రజలో, 1996 నుండి తమ యధ్యక్షుని తామే యెన్నుకొనుచున్నారు. ఇది మనకు దూరపు సంగతి యని తోచును గాని, చుట్టును నీటికి బదులు పెద్ద రాజ్యపు నేలయే యావరించిన దీవి యొకటి మన కర్నూలు సీమలోనే యుండెడిది. అదియే బనగానపల్లె సంస్థానము. నేడా పేరు చెప్పిన మామిడిపండే తలపునకు వచ్చును. నవాబుల రాజ్యము మఱుగుపడినది.

1901 నాటికి దాని వైశాల్యము 255 చదరపు మైళ్లు, జనసంఖ్య 32,264. నలుప్రక్కల నాంగ్లేయుల జిల్లాలే. 1800లో నైజాము కడప, బళ్లారి మున్నగు దత్తమండలములను కుంపిణీవారి కిచ్చినపుడు దీనిపై యాధిపత్యమును వారికే సంక్రమించెను. నవాబు నవాబుగనే యుండెను. కాని యాతని పగ్గము మదరాసు ప్రభువుల చేత జిక్కెను. ఆ పగ్గము ఖజానా. లెక్కలు చెడినవన్న కారణమున 1848 వఱకు దశాబ్దమునకు మించి వారే పాలన నడపిరి. 1905లో మరల కొన్ని నెలలు స్వాధీనము చేసికొనిరి. పొరుగున కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాను విషయమున నీపాటి యోపిక యైనను చూపలేదు. ఆయుధములు దాచెనని 1839లో నాతనిని తిరుచినాపల్లికి పంపి, రాజ్యమునే కలుపుకొనిరి. ఒకటి నిలుచుటకును, వేఱొకటి యంతరించుటకును హేతువు వాని హక్కులలో లేదు. పెద్ద రాజ్యము యొక్క భయములో నున్నది.

1947లో నాంగ్లేయుల యాధిపత్యము తొలగెను. 1948లో బనగానపల్లె మదరాసు రాష్ట్రమున గలిసి కర్నూలు జిల్లాలో జేరెను. 2022 నుండి నంద్యాల జిల్లాలో నున్నది. విలీనము మేలే. నవాబు గద్దెకై కన్నీరు విడువ నక్కఱలేదు. కాని యా సంతకము నవాబుది. ప్రజల నెవ్వరును వోటడుగలేదు. ఆ యేటనే ఫిబ్రవరిలో జునాగఢమున నడిగిరి. ఏలయన, అచ్చటి నవాబు పాకిస్తానులో జేరెదననెను. దొరవారి సంతకము మన కనుకూలమైనచో నదియే చాలునా? ప్రతికూలమైనప్పుడే ప్రజాభిప్రాయము కావలయునా?

తైవానులో సంతకము చేయుటకు నవాబు లేడు; రెండు కోట్లకు పైబడిన జనమున్నది. ఆ దీవి వేఱుపడ యత్నించినచో శాంతియుతము కాని యుపాయములనైనను వాడవచ్చునని చైనా 2005లో శాసనము చేసికొన్నది. దాని నామోదించిన సభలో తైవాను వోటర్లెన్నుకొన్న సభ్యు డొక్కడును లేడు.