గడువులోగా పుట్టాల్సిన స్వరం

కీబోర్డు మెట్టు నొక్కిన వెంటనే కంప్యూటర్ పలకాలి. నొక్కడానికీ పలకడానికీ మధ్య ఎడం వాయించేవారికి తెలియకూడదు. సెకనుకు 48,000 నమూనాల చొప్పున ధ్వనిని లెక్కగట్టే సాఫ్ట్‌వేర్, 128 నమూనాలను ఒక కట్టగా పంపుతోందనుకుందాం. ఒక్కో కట్టకు దొరికే సమయం దాదాపు 2.7 మిల్లీసెకన్లు. అది దాటిందా, స్పీకర్లో 'టప్' మంటుంది. వెయ్యి కట్టలు వేళకు అంది ఒక్కటి ఆలస్యమైనా ఆ టేక్ చెడినట్టే.

మొదట్లో ఈ గడువు లేదు. 1957లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ ఇంజనీరు మాక్స్ మాథ్యూస్ రాసిన ప్రోగ్రాంతో ఐబీఎం 704 కంప్యూటర్ 17 సెకన్ల సంగీతం పలికింది. యంత్రం తీరిగ్గా లెక్కలు కట్టి అంకెలను టేపుకెక్కించేది. తర్వాత వాటిని ధ్వనిగా మార్చి వినేవారు. కచేరీకి ఆ పద్ధతి పనికిరాదు.

కచేరీకి పనికొచ్చే యంత్రం ఒకటి పారిస్‌లో తయారైంది. స్వరకర్త పియెర్ బూలెజ్ స్థాపించిన ఇర్కామ్ సంస్థలో ఇటలీ భౌతిక శాస్త్రవేత్త జుసెప్పె డి జూన్యో '4ఎక్స్' రూపొందించాడు. అందులో ఎనిమిది ప్రాసెసర్ బోర్డులు. 1981లో బూలెజ్ 'రెపాన్' కృతి తొలి ప్రదర్శనలోనే, వాద్యకారులు వాయిస్తుండగా వారి ధ్వనులను అది అక్కడికక్కడే మార్చింది. ఆ తర్వాత 1990 ప్రాంతంలో అదే సంస్థ నెక్స్ట్ కంపెనీ కంప్యూటర్‌కు, రెండేసి ఇంటెల్ ఐ860 ప్రాసెసర్లున్న బోర్డులు జోడించింది. అంటే సంగీతం కోసమే కట్టిన యంత్రం చేసే పనిని మామూలు ప్రాసెసర్లు అందుకున్నాయి.

2005లో ఇంటెల్, ఏఎమ్‌డీ సంస్థల డ్యూయల్ కోర్ (ఒకే చిప్‌లో రెండు లెక్కింపు భాగాలున్న) చిప్‌లు ఇళ్లలోని డెస్క్‌టాప్‌లకూ వచ్చాయి. కోర్లు రెట్టింపైతే ట్రాకులూ రెట్టింపవ్వాలి కదా? కాలేదు. గొంతు, డప్పు, గిటారు ట్రాకులను వేర్వేరు కోర్లకు పంచడం తేలికే. ఒకే ట్రాకు మీద వరసగా ఉన్న, ధ్వనిని మార్చే ఎఫెక్టుల సంగతి వేరు: కంప్రెసర్ పూర్తయితే గానీ రివర్బ్ మొదలవదు. పిండి రుబ్బకుండా దోసె పోయలేం, పొయ్యిలెన్ని ఉన్నా. చివర్లో అన్నీ కలిసే మాస్టర్ ట్రాకుదీ అదే తంతు. పనిలో వరసగా జరగక తప్పని భాగమే మొత్తం వేగానికి హద్దు గీస్తుందని కంప్యూటర్ ఇంజనీరు జీన్ ఆమ్దాల్ 1967లోనే చెప్పాడు. అందుకే ఒక కోరు నిండిపోయి సాఫ్ట్‌వేర్ మొరాయిస్తుంటే, మిగతావి ఖాళీగా కనిపిస్తుంటాయి.

దీనికి ఇంజనీర్లు కొన్ని ఉపాయాలు పన్నారు. లినక్స్ సంగీతకారులు వాడే జాక్ ఆడియో సర్వర్ రెండో రూపం, ఏ పని ఏ పని మీద ఆధారపడిందో చూసి, ఇన్‌పుట్ అందిన పనినల్లా ఖాళీ కోరుకు అప్పగిస్తుంది. రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్, ఎవరూ అప్పటికప్పుడు వాయించని ట్రాకులను కాస్త ముందే లెక్కగట్టి ఉంచుకుంటుంది. గట్టి గడువు వాయిస్తున్న ట్రాకుకే. 2020లో ఆపిల్, ఒకే గడువుకు పనిచేసే ప్రోగ్రాం పాయలు, అంటే థ్రెడ్‌లన్నీ ఒక జట్టని ఆపరేటింగ్ సిస్టమ్‌కు చెప్పే వీలు కల్పించింది. ఇక ఆడియో థ్రెడ్‌లో తాళాలు (లాక్‌లు) వేయకూడదు, కొత్తగా మెమరీ అడగకూడదు అన్నది ప్రోగ్రామర్లకు కంఠతా వచ్చిన నియమం. ఎందుకంటే అవి ఎంతసేపు ఆపుతాయో ముందుగా చెప్పలేం.

కాబట్టి స్టూడియోకు కంప్యూటర్ కొనేవారు కోర్ల లెక్కొక్కటే చూస్తే సరిపోదు. వందల ట్రాకుల మిక్సింగుకు కోర్లు ఎక్కువ కావాలి. బరువైన సాఫ్ట్‌వేర్ సింథసైజర్‌ను అప్పటికప్పుడు వాయించాలంటే మాత్రం ఒక్కో కోరు సత్తాయే ముఖ్యం. ఇక్కడ సగటు వేగం అక్కరకు రాదు; అన్నిటికన్నా ఆలస్యమైన కట్ట కూడా గడువులోగా అందిందా అన్నదే లెక్క.