మాట వినెడి స్పీకరు : ఇంటను, దారిని దాని యోగ్యతాపరీక్ష

వినుట చదువుటకంటె ముందటి విద్య. అక్షరము రాని యింట సైతము జోలపాట, హరికథ, తోలుబొమ్మలాట భాషను నిలిపినవి. ఈ శ్రవణవిద్యకు యంత్రము తోడైనది 20వ శతాబ్దమున. 1938 జూన్ 16వ తేదీన ప్రారంభమైన మదరాసు రేడియో కేంద్రము తమిళముతోపాటు తెలుగు కార్యక్రమములను ప్రసారము చేసినది. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రము వెలసినది. 1947లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో ట్రాన్సిస్టరు పుట్టినది. 1954లో ఆ దేశముననే జేబులో పట్టు ట్రాన్సిస్టరు రేడియో అంగడికి వచ్చినది. అంతవరకు కొయ్యబీరువావలె నింటిలో నొకచోట కదలక కూర్చుండిన రేడియో, అటుపిమ్మట రైతు భుజమున, గొర్రెలకాపరి చేత, బండివాని ప్రక్కన నడువసాగినది.

అయితే రేడియో పలుకునే గాని వినదు. దానిని తిప్పువాడు తెలుగువాడా, తమిళుడా, కన్నడిగుడా యను విచారము దానికి లేదు. ఇప్పటి 'స్మార్ట్ స్పీకరు' అట్టిది కాదు. అది ముందు మన మాట విని, అర్థము చేసికొని, పిమ్మట పలుకును. కావున శ్రోత భాష యేది యను ప్రశ్న శ్రవణసాధనముల చరిత్రలో మొదటిసారి పుట్టినది. కృష్ణగిరినుండి ఊత్తంగరైకి పోవు దారిలోని మత్తూరువంటి చోట్ల తెలుగు కుటుంబములకు ఇది చిన్న ప్రశ్న కాదు. ఈ యంత్రమును ఇంటను, దారిని ఎట్లు పరీక్షించి కొనవలెనో వివరించుట ఈ వ్యాసమున కుద్దేశము.

1. యంత్రము పనిచేయు విధము

చూపునకు ఇది యొక చెంబంత డబ్బా. లోపల నాలుగు ముఖ్యభాగములు గలవు: మాటను గ్రహించు మైక్రోఫోనులు, ధ్వనిని వెలువరించు స్పీకరు, బ్యాటరీ, ఇంటర్నెట్టుతో సంబంధము గలిగించు వై-ఫై. యజమాని 'మేలుకొలుపు పదము' పలుకువరకు యంత్రము ఆ పదముకొరకు మాత్రము చెవియొగ్గి యుండును. ఆ పదము వినబడినంతనే తరువాతి మాటలను దూరముననున్న పెద్ద కంప్యూటరులకు పంపును. అచ్చట ధ్వని అక్షరములుగా మారును, అక్షరములనుండి అర్థము తీయబడును, తగిన పాటయో, వార్తయో, సమాధానమో తిరిగివచ్చును. ఇదంతయు రెప్పపాటులో జరుగుటచే తెలివి డబ్బాలోనే యున్నదని భ్రమ కలుగును. నిజమునకు తెలివియంతయు దూరమున నున్నది. ఇంటర్నెట్టు తెగినచో ఇది కేవలమొక సామాన్య స్పీకరు.

ఈ యొక్క సంగతి గుర్తుంచుకొన్నచో, అమ్మువారి ప్రకటనలలో సగము మాటలకు విలువ కట్టుట సులభమగును.

2. ఇంటిలో వినికిడి

చిన్న డబ్బాలో నమర్చిన చిన్న స్పీకరు మనుష్యుని కంఠమును, వేణువును చక్కగా వినిపించునుగాని మృదంగపు గంభీరధ్వనిని పూర్తిగా నీయజాలదు. గోడకో, మూలకో దగ్గరగా నుంచినచో మంద్రధ్వని కొంత పెరుగును. నున్నని గచ్చు, సిమెంటు కప్పు గల గదులలో ప్రతిధ్వని మాటను అలుకును. పెంకుటింటిలోను, బట్టలు పరుపులు గల గదిలోను మాట స్పష్టముగా వినబడును. కావున అంగడిలో విని మెచ్చిన స్పీకరు ఇంటిలో నట్లే యుండవలెనను నియమము లేదు.

మైక్రోఫోనుల పరీక్ష వేరు. ఒకటికంటె హెచ్చు మైక్రోఫోనులు గల యంత్రము, ధ్వని యొక్కొక్కదానికి చేరు కాలములోని సూక్ష్మమైన తేడానుబట్టి మాట యే దిక్కునుండి వచ్చుచున్నదో కనిపెట్టి, ఆ దిక్కునకే చెవి నిలుపును. మిక్సీ తిరుగుచుండగా, పంకా వీచుచుండగా, పాట మ్రోగుచుండగా వంటయింటినుండి పిలిచి చూడవలెను. నిశ్శబ్దములో మాట వినుట యే యంత్రమునకైనను గొప్ప కాదు.

3. దారిలో వినికిడి

గోడనున్న కరెంటును విడిచి నడువగల స్పీకరులకు మన దేశమున మంచి యుదాహరణము, అమెజాన్ సంస్థ 2019 డిసెంబరులో భారతదేశము కొరకు వెలువరించిన ఎకో ఇన్‌పుట్ పోర్టబుల్ స్పీకరు. దానిలో 4,800 మిల్లీయాంపియర్-గంటల బ్యాటరీ యుండెను. ఎడతెగక 10 గంటలవరకు పాటలు వినవచ్చునని తయారించినవారు తెలిపిరి. కరెంటు పోయిన వేళ ఇల్లంతయు మూగవోకుండుట దీనివలని మొదటి ప్రయోజనము. గదినుండి గదికి, వసారాకు, పెరటికి తీసికొనిపోవుట రెండవది.

వెలుపలి దేశముల యంత్రములలో 2021లో వచ్చిన సోనోస్ రోమ్ చెప్పదగినది. బరువు 430 గ్రాములు. బ్యాటరీ 10 గంటలు. రక్షణ తరగతి ఐపీ67. ఇందు 6 అను అంకె దుమ్ము లోనికి చొరదని తెలుపును. 7 అను అంకె మీటరు లోతు నీటిలో అరగంట తడిసినను నిలుచునని తెలుపును. వేసవిలో మామిడితోపునకు, వానకాలమున పొలమునకు తీసికొనిపోవువారికి ఈ రెండంకెలు పాటల నాణ్యముకంటె ముఖ్యము.

ఇక్కడ నొక చిక్కు గలదు. ఇల్లు విడిచినచో వై-ఫై యుండదు. అప్పుడు ఫోనునుండి బ్లూటూత్ ద్వారా పాటను పంపవలెను, లేదా ఫోనునే వై-ఫైగా మార్చి దానికి స్పీకరును తగిలించవలెను. బ్లూటూత్ మార్గమున సోనోస్ రోమ్ పాడునుగాని మాటను వినదు. రెండవ మార్గమున ఫోను బ్యాటరీయు, ఇంటర్నెట్టు కొలతయు కరగును. సెకనుకు 128 కిలోబిట్ల వేగముతో వచ్చు పాటకు గంటకు సుమారు 58 మెగాబైట్లు వ్యయమగును. దినమునకు మూడు గంటలు విన్నచో 170 మెగాబైట్లకు మించును.

ఆరుబయట ధ్వని చెదరును. దూరము రెట్టింపైనప్పుడెల్ల ధ్వని 6 డెసిబెల్లులు తగ్గును. గదిలో గోడలు ధ్వనిని తిరుగగొట్టి సాయపడును. తోటలో నా సాయము లేదు. దానికై ధ్వనిని పెంచినచో బ్యాటరీ చెప్పిన గంటలకు ముందే తరుగును. కావున '10 గంటలు' అనుదానిని మధ్యరకపు ధ్వనికి లెక్కగా గ్రహించవలెను.

4. భాష : అసలు పరీక్ష

ధ్వని, బ్యాటరీ, బరువు అందరికిని సమానము. భాష అట్లు కాదు. అమెజాన్ వారి అలెక్సా 2017లో ఆంగ్లముతో భారతదేశమునకు వచ్చినది. 2019 సెప్టెంబరులో హిందీ నేర్చినది. పైన చెప్పిన పోర్టబుల్ స్పీకరు వెలువడునాటికి తెలుగులో ఆజ్ఞ నిచ్చు వీలు లేకుండెను. తెలుగు పాటలు దొరకును. తెలుగు ప్రసారములును దొరకెను. 2018 ఆగస్టులో ఆకాశవాణి తన ప్రాంతీయభాషా ప్రసారములను అలెక్సా ద్వారా వినిపించు ఏర్పాటు చేసినది. కాని ఆ తెలుగును పొందుటకు ఆంగ్లమున అడుగవలెను. తెలుగు పాడును, తెలుగు వినదు : ఇదియే దీని లోపము.

ఈ లోపము పేర్ల విషయమున స్పష్టముగా గానవచ్చును. కల, కళ, కాల అను మూడు మాటలును ఆంగ్లలిపిలో నొక్క తీరుగనే వ్రాయబడుచుండును. హ్రస్వదీర్ఘభేదము, లకార ళకారభేదము ఆ లిపిలో నిలువవు. తెలుగుపాట పేరును స్వచ్ఛముగా పలికిన ముసలమ్మను యంత్రము గ్రహింపకపోవచ్చును. అదే పేరును ఆంగ్లపు యాసతో వంకరగా పలికిన మనుమని గ్రహింపవచ్చును. రెండుమూడు మారులిట్లు జరిగినచో ముసలమ్మ యంత్రము జోలికి పోదు. మనుమడు వంకర ఉచ్చారణమే సరియైనదని నేర్చును. ఉపాధ్యాయుడు బడిలో దిద్దిన ళకారమును ఇంటిలో యంత్రము చెరపుచున్నదన్నమాట.

ఈ నష్టము సరిహద్దు తెలుగువారికి హెచ్చు. 2011 జనాభా లెక్కలనుబట్టి తమిళనాట తెలుగు మాతృభాషగా గలవారు 42 లక్షలకు పైబడి, జనాభాలో 5.87 శాతము. 2006 నాటి తమిళ అభ్యసన చట్టము ఒకటవ తరగతినుండి క్రమముగా తమిళమును తప్పనిసరి పాఠముగా చేసినది. రాష్ట్రభాషను నేర్చుట పౌరులకు మేలే. అయినను అల్పసంఖ్యాకభాషల బడులలో మాతృభాషకు మిగులు కాలము తగ్గినచో, ఆ లోటును తీర్చునది ఇంటి వినికిడియే. ఆ యింటిలో పెట్టెడి యంత్రము ఏ భాష వినునో విచారింపకుండుట తగదు.

మరియొక సంగతి. హోసూరు, కృష్ణగిరి ప్రాంతముల ఇంటిమాటలో కన్నడ, తమిళ పదములు సహజముగా కలిసియుండును. యంత్రమునకు తెలుగు నేర్పిననాడు సైతము అది పుస్తకపు తెలుగునో, పెద్ద నగరముల తెలుగునో మాత్రమే నేర్చినచో ఈ ప్రాంతపువారికి చిక్కు తీరదు. యంత్రము తనకు వినిపించిన కంఠములనుండియే నేర్చును. మదరాసు ఐఐటీలోని ఏఐ4భారత్ బృందము 2024లో ప్రకటించిన ఇండిక్‌వాయిసెస్ సంకలనమున 22 భారతీయభాషలలో 7,348 గంటల పలుకు చేరినది. ఇట్టి సంకలనములలో సరిహద్దు తెలుగువారి పలుకును చేరవలెను. చేరని యాసను యంత్రము తప్పుగా నెంచును.

అంతవరకు మధ్యేమార్గ మొకటి గలదు. 2017 ఆగస్టునుండి గూగుల్ వారు ఫోనులలో తెలుగు పలుకును తెలుగు అక్షరములుగా మార్చు సౌకర్యము కల్పించిరి. ఫోనుతో తెలుగున పలికి పాటను వెదకి, దానిని బ్లూటూత్ ద్వారా స్పీకరునకు పంపవచ్చును. అప్పుడు ళకారము చెడదు. తక్కువ వెలగల సామాన్య స్పీకరే చాలును.

5. గోప్యత

ఎల్లప్పుడు చెవియొగ్గి యుండు యంత్రము ఇంటి మాటలను పొరపాటున గ్రహించుట గలదు. మేలుకొలుపు పదమును పోలిన మాట వినబడినను మేలుకొనును. మైక్రోఫోనును ఆపు మీట యున్నదా, దాచిన మాటలను చెరిపివేయు వీలున్నదా యని చూడవలెను. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము 18 ఏండ్లు నిండనివారి సమాచారమునకు తల్లిదండ్రుల సమ్మతి కావలెనని నిర్దేశించినది. పిల్లలున్న యింట ఈ సంగతి మరువరాదు.

6. మార్కుల పద్ధతి

నూటికి లెక్కించి ఈ క్రింది విధముగా మార్కులు వేయవచ్చును. భాషాగ్రహణమునకు 30 : తాత లేక అవ్వ, తల్లి లేక తండ్రి, బిడ్డ, ఈ మూడు తరములవారు ఒక్కొక్కరు తమ సహజమైన మాటతో పదేసి ఆజ్ఞలు ఇయ్యవలెను, నెరవేరిన ప్రతి ఆజ్ఞకు ఒక మార్కు. ధ్వనికి 25 : వార్తలు, పద్యము, మృదంగము గల పాట మూడింటిని ఇంటిగదిలోను ఆరుబయటను వినవలెను. బ్యాటరీకి 20 : మధ్యధ్వనితో ఎన్ని గంటలు నిలిచెనో గడియారము చూచి వ్రాయవలెను. వెలుపలి వాడుకకు 15 : బరువు, దుమ్ము నీటి రక్షణ, వై-ఫై లేని చోట మిగులు శక్తి. గోప్యతకు 10.

ఈ పద్ధతిని అనుసరించినచో, ఆంగ్లమో హిందీయో వచ్చిన యువకుడు ఒంటరిగా నున్న గదిలో 80 మార్కులు పొందిన యంత్రమే, మూడు తరములు గల తెలుగింట 50కి దిగుట సంభవము. యంత్రము మారలేదు, ఇల్లు మారినది. విలువ యంత్రములో మాత్రమే లేదు, దానిని వాడు ఇంటిలోను గలదు.

7. ముగింపు

కావున తెలుగు మాత్రమే పలుకు పెద్దలున్న కుటుంబము, తెలుగు వినని స్మార్ట్ స్పీకరునకు హెచ్చు వెల యిచ్చుట అనవసరము. మంచి ధ్వనియు, నమ్మదగిన బ్యాటరీయు గల బ్లూటూత్ స్పీకరు, ఒక ఫోను, ఆకాశవాణి ప్రసారములు వారికి చాలును. ఆంగ్లమో హిందీయో తెలిసి, ఇంట వై-ఫై గలవారికి స్మార్ట్ స్పీకరు సుఖసాధనమే. వారును కొనుటకు ముందు ఆనాటికి అది యే భాషలను వినగలదో అడిగి తెలిసికొనవలెను. కొనువారందరు ఈ ప్రశ్న నడిగినగాని అమ్మువారికి తెలుగు కావలెనని తెలియదు. ఇంటిలోని అవ్వ తన మాటతోనే పిలువగా పలికిననాడు మాత్రమే దానిని ఆ యింటికి తగిన సాధనమనవలెను.